గోవాకు విమానమా, రైలా? ముందు తిరుగు టికెట్ డబ్బు చూపించండి

ప్రశ్న: కూకట్‌పల్లిలో అద్దెకు ఉంటున్నాం. వయసు 36, చేతికొచ్చే జీతం 64,000. అద్దె, ఇంటి ఖర్చులు, బైక్ ఈఎంఐ కలిపి నెలకు 52,000 పోతుంది. బ్యాంకులో 48,000 ఉంది. క్రిస్మస్ సెలవులకు నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు (9, 4 ఏళ్లు) గోవాలోని కొల్వా బీచ్‌కు నాలుగు రాత్రులకు వెళ్దామనుకుంటున్నాం. అమ్మానాన్నలు ఇంట్లోనే ఉంటారు. మోపా విమానాశ్రయానికి రానుపోను ఒక్కొక్కరికి 14,500 చూపిస్తోంది. ఒక యాప్‌లో 80,000 లోన్ సిద్ధంగా ఉంది. 24 శాతం వడ్డీ, 18 నెలలు. లేదంటే 2014 మోడల్ కారు ఉంది, పెట్రోలు ఖర్చే కదా. రైల్లో చాలా టైం పడుతుందంటున్నారు. ఏది మేలు?

జవాబు: విమానమా, రైలా, కారా అని అడిగారు. మీ ఉత్తరంలో అసలు ప్రశ్న అది కాదు. నెలకు 52,000 ఖర్చయ్యే ఇంట్లో 48,000 నిల్వ ఉందంటే, జీతం ఒక్క నెల ఆగినా చేయి చాచాల్సిందే. ఆ స్థితిలో ఉండి అప్పు చేసి సెలవుకు వెళ్తామనే ఇళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. అందుకే మీ లెక్కను అందరి ముందూ పెడుతున్నాను.

ముందు యాప్ సంగతి. 80,000కు ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం అనుకుందాం. 2,400, దాని మీద జీఎస్టీ 432. మీ ఖాతాలో పడేది 77,168. నెలవారీ వాయిదా 5,336, పద్దెనిమిది నెలలకు మొత్తం 96,048. చేతికొచ్చినదానికీ కట్టేదానికీ మధ్య తేడా 18,880. పేరుకు 24 శాతం, ఫీజు కలిపితే ఏడాదికి దాదాపు 29 శాతం. అప్పు ఇచ్చే ముందు వాళ్లు తప్పనిసరిగా చూపించాల్సిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ఏపీఆర్ (ఫీజులు కూడా కలిపిన ఏడాది వడ్డీ శాతం) అనే గడి ఉంటుంది, మీ ఫీజు ఎంతైనా అసలు ధర అక్కడ కనిపిస్తుంది. గంటంపావు ప్రయాణానికి ఏడాదిన్నర వాయిదాలు! పైగా నెలకు మిగులుతున్న 12,000లో 5,336 దానికే పోతే మిగిలేది 6,664. అంటే ఈ పద్దెనిమిది నెలలూ అత్యవసర నిధి దాదాపు సగం వేగంతోనే పెరుగుతుంది. కార్డు మీద ‘నో కాస్ట్ ఈఎంఐ’ అంటారేమో, వడ్డీ మీద జీఎస్టీ, ఫీజు మీ నెత్తినే పడతాయి. టికెట్ రద్దు చేసినా వాయిదాలు వాటంతటవే ఆగవు, బ్యాంకుకు ఫోన్ చేసి ఆపించుకోవాలి.

ఇక విమానం. నలుగురికి 58,000. రెండేళ్లు దాటిన పిల్లలకు సీటు కొనాల్సిందే కాబట్టి నాలుగేళ్ల పాపకూ దాదాపు పూర్తి ధరే. అక్కడితో అయిపోదు. గోవాలో రెండు విమానాశ్రయాలు. దబోలిం పాతది, మోపా 2023 జనవరిలో మొదలైంది. మోపా ఉత్తర కొసన ఉంది, కొల్వా దక్షిణంలో. మధ్య దూరం 65–70 కిలోమీటర్లు. దబోలిం నుంచైతే పాతిక కిలోమీటర్ల లోపే. ఓలా, ఊబర్ అక్కడ నడవవు. స్థానిక టాక్సీయో, గోవామైల్స్ యాపో దిక్కు. టికెట్ మీద వెయ్యి తగ్గిందని మోపాకు కొనుక్కుని, ఆ వెయ్యి టాక్సీకి పోసేవాళ్లు ఎందరో. దక్షిణ గోవాలో గది తీసుకునేవాళ్లు ధర కంటే ముందు టికెట్ మీది ఊరి కోడ్ చూడాలి. జీఓఐ అంటే దబోలిం, జీఓఎక్స్ అంటే మోపా.

కారు గురించి మీరన్న ‘పెట్రోలు ఖర్చే కదా’ అన్న మాట కొంచెం ఆపండి. ఒక వైపు దాదాపు 700 కిలోమీటర్లు, అక్కడ తిరుగుడు కలిపి 1,700. లీటరుకు 16 వచ్చినా 106 లీటర్లు, 105 చొప్పున 11,000 దాటుతుంది. టోళ్లు విడిగా. బెళగావి దాటాక చోర్లా ఘాట్. ఒక్కరే నడిపితే పదమూడు, పద్నాలుగు గంటల దారి, విజయపురలోనో బెళగావిలోనో ఒక రాత్రి ఆగాలి. రానుపోను రెండు గదుల అద్దె. 2014 కారుకు క్లచ్ జారడం, కూలెంట్ తగ్గి ఇంజిన్ వేడెక్కడం ఘాట్ మీదే బయటపడతాయి. ఇవన్నీ భరించొచ్చు. భరించలేనిది మీ పాలసీ. మీ బీమా థర్డ్ పార్టీ మాత్రమే అయితే (పాత కార్లకు చాలామంది అదే కడతారు), ఎదుటివాళ్లకు జరిగిన నష్టమే కంపెనీ చూసుకుంటుంది. మీ బండి లోయలో పడ్డా లాగించే ఖర్చు దగ్గర్నుంచి మీదే. తప్పనిసరిగా తీసుకునే 15 లక్షల ప్రమాద బీమా కూడా యజమాని-డ్రైవర్‌కే. పక్క సీట్లో మీ ఆవిడకు, వెనక పిల్లలకు అది వర్తించదు. చేతిలో 48,000 పెట్టుకుని ఆ బండితో ఘాట్ ఎక్కొద్దు.

స్లీపర్ బస్సు పండగ వారంలో ధర చెప్పినంత. నాలుగేళ్ల పాపతో పద్నాలుగు గంటలు, నా ఓటు లేదు.

మిగిలింది రైలు. సికింద్రాబాద్–వాస్కో ఎక్స్‌ప్రెస్ 2024 అక్టోబరులో మొదలైంది. కాచిగూడ, మహబూబ్‌నగర్, కర్నూలు, గుంతకల్లు, హుబ్బళ్లి మీదుగా మడ్గావ్ వెళ్తుంది. మడ్గావ్ స్టేషన్ నుంచి కొల్వా ఆరేడు కిలోమీటర్లే. ఇంటి గుమ్మం నుంచి బీచ్ గుమ్మం దాకా లెక్కేస్తే టాక్సీల ఖర్చు అతి తక్కువ దీనికే. థర్డ్ ఏసీకి ఒక వైపు 1,500 వేసుకుందాం, కాస్త ఎక్కువే వేశాను. బెర్త్ అడగకపోతే అయిదేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. తొమ్మిదేళ్ల బాబుకు బెర్త్ కావాలంటే పూర్తి ధర. మూడు బెర్తులు, రానుపోను 9,000. విమానంతో తేడా 49,000. మీ బ్యాంకు నిల్వ కంటే ఎక్కువ!

అయితే ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఆ రైలు వారానికి రెండు రోజులే. సికింద్రాబాద్‌లో బుధ, శుక్రవారాల్లో పొద్దున బయల్దేరి మర్నాడు తెల్లవారుజామున చేరుతుంది. వాస్కో నుంచి తిరుగు ప్రయాణం గురు, శనివారాల్లో. బుధవారం వెళ్తే అక్కడ రెండు రాత్రులు, శుక్రవారం వెళ్తే అయిదు రాత్రులు. మీరనుకున్న నాలుగు రాత్రులు ఇందులో ఇమడవు. అది చిన్న ఇబ్బంది. పెద్దది వేరే ఉంది. సోమవారం రాత్రి ఇంటి నుంచి ‘నాన్నను ఆసుపత్రిలో చేర్చాం’ అని ఫోన్ వస్తే, మీ రైలు గురువారం కదులుతుంది. అప్పటికప్పుడు విమానమే ఎక్కాలి, రేపటి టికెట్‌కు ఈ రోజు ధర ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఇక్కడ ఆసుపత్రి అడ్వాన్సు అడుగుతుంది, మీ కంపెనీ గ్రూప్ పాలసీలో అమ్మానాన్నల పేర్లు ఉన్నాయో లేదో మీరు రాయలేదు. చవకైన ప్రయాణం ఎంచుకున్నవాళ్లకే చేతిలో నగదు ఎక్కువ కావాలి. రైలు మిగిల్చిన డబ్బు ఖర్చుకు కాదు, ఈ ఫోన్ కాల్‌కు.

కాబట్టి క్రిస్మస్ వదిలేయండి. ఇప్పుడు సెప్టెంబరు. బడులు మూశాక, ఏప్రిల్ చివర్లో ఒక శుక్రవారం రైలెక్కండి. ఎండ ఉంటుంది, గది అద్దె దిగుతుంది. వానలు మొదలయ్యే జూన్ దాకా జరపొద్దు, అప్పుడు సముద్రంలో దిగనివ్వరు. అక్టోబరు నుంచి ఏడు జీతాలు, 12,000 చొప్పున 84,000. ఇప్పటి నిల్వతో కలిపి 1,32,000. రైలు 9,000, గది అయిదు రాత్రులకు 2,500 చొప్పున 12,500, తిండి, తిరుగుడు 15,000. మొత్తం 36,500 తీసేస్తే తిరిగొచ్చేసరికి 95,500 మిగులుతుంది. మీకు కావాల్సింది ఆరు నెలల ఖర్చు, 3,12,000. ఇంకా దూరమే, కానీ దారిలో ఉంటారు. ఆ డబ్బు యూపీఐ కలపని వేరే బ్యాంకు ఖాతాలో ఉంచండి, కొంత ఎఫ్‌డీగా. ఎఫ్‌డీ అర్ధరాత్రి ఫోన్లో బ్రేక్ అవుతుందో లేదో 5,000తో ఒకసారి చేసి చూడండి. కొత్తగా చేర్చిన ఖాతాకు మొదటి 24 గంటలు పరిమితంగానే పంపనిచ్చే బ్యాంకులు ఎక్కువ. అందుకే ఇంట్లో ఉండే అమ్మ ఖాతాను ముందే జత చేసి, ఒక రూపాయి పంపి చూసుకోండి.

టికెట్ల విషయంలో రెండు మాటలు. రిజర్వేషన్ 60 రోజుల ముందు, పొద్దున 8కి తెరుచుకుంటుంది. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ముందే చేసుకోండి, లేకపోతే తెరిచిన మొదటి రోజు ఆన్‌లైన్‌లో మీకు ప్రవేశం ఉండదు. తిరుగు టికెట్ కూడా దాని అరవయ్యో రోజున విడిగా తీయాలి. వెళ్లే టికెట్ దొరికిందన్న ధీమాతో దాన్ని మరిచిపోతే వెయిటింగ్ లిస్టే, చార్టు తయారయ్యాక అది దానంతటదే రద్దవుతుంది. బుక్ చేసేటప్పుడు 45 పైసల ప్రయాణ బీమాకు టిక్ పెట్టండి. రైలు ప్రమాదంలో మరణానికి 10 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 2 లక్షల దాకా. టికెట్ తర్వాత బీమా కంపెనీ నుంచి ఒక లింకు వస్తుంది, నామినీ పేరు అందులో నింపాలి. దాన్ని స్పామ్ అనుకుని చెరిపేసేవాళ్లే ఎక్కువ. రైల్లో జ్వరమొస్తే మాత్రం ఇది పనికిరాదు, దానికి మీ ఆరోగ్య పాలసీయే.

అక్కడ స్కూటర్ అద్దెకు తీసుకుంటే నల్ల ప్లేటు, పసుపు అక్షరాలు ఉన్నదే తీసుకోండి. తెల్ల ప్లేటు బండి వంద రూపాయలు తక్కువకిస్తారు, కానీ సొంత బండిని అద్దెకివ్వడం చట్టవిరుద్ధం, ప్రమాదం జరిగితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. నలుగురూ ఒకే స్కూటర్ మీద వద్దని వేరే చెప్పాలా?

లోన్ ఆఫర్ ఇంకా ఒప్పుకోకపోతే దాన్ని తిరస్కరించి, యాప్‌కిచ్చిన కాంటాక్టులు, లొకేషన్ అనుమతులు తీసేయండి. ఈ జవాబు చేరేలోపే డబ్బు ఖాతాలో పడిందా, ఒప్పందంలో కూలింగ్ ఆఫ్ గడువు (మనసు మార్చుకుని లోన్ వెనక్కిచ్చే వ్యవధి) ఎన్నాళ్లో చూడండి, కనీసం ఒక రోజు ఉంటుంది. ఆ లోపు అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ తిరిగి కట్టేస్తే జరిమానా లేకుండా బయటపడొచ్చు. ముందే రాసి చూపించిన ప్రాసెసింగ్ ఫీజు మాత్రం వాళ్లు అట్టిపెట్టుకోవచ్చు. పోతే పోనివ్వండి, 2,832 దగ్గర ఆగుతుంది.