దర్వాజ కాడ నిలబడ్డ మనిషి

బిడ్డా,

హైదరాబాద్‌ల ఫిలాసఫీ ఎం.ఏ.ల చేరుతున్నవని, ఫ్రెంచి తత్వవేత్త లెవినాస్‌ను చదువుతనంటున్నవని మీ బాపు ఫోన్‌ల చెప్పిండు. సంబురమైంది. రాత్రి మాత్రం నిద్ర పట్టలే.

మెస్సుల తిండి మానకు. గైడ్లు కాదు, అసలు పుస్తకాలు చదువు. ఫ్రెంచి మొదటి ఏడే మొదలువెట్టు.

1997ల పత్తికి పురుగు వడి మన వరంగల్ రైతులు ఆగమైన్రు. అప్పుడు నేను దూరవిద్యల ఇదే ఎం.ఏ. చదువుతున్న. ఓ పొద్దుగూకి, వరుసకు మామయ్యే పక్కింటి రైతు మన దర్వాజ కాడ నిలబడ్డడు. చేతుల ఎరువు సంచి ముక్కల చుట్టిన కాయిదం. కనుబొమ్మకు దూదిపోచ అంటుకొని ఉంది. "అల్లుడా, ఇందుల ఏం రాసిన్రో జర చదివి చెప్తవా?" అన్నడు. నా ముంగట కాంట్ పుస్తకం, పరీక్షకు మూడు రోజులే. "రేపు రా మామా" అని మళ్ల పుస్తకంల తల పెట్టిన. జరసేపు నిలబడి పోయిండు. తెల్లారి, కుదువ కాయిదమనుకొని వేలిముద్ర వేసిండు. అది అమ్మకం కాయిదం. రెండెకరాల చెల్క పోయింది.

"మోసం చేసింది షావుకారి, నేను కాదు గదా" అని ఏండ్ల తరబడి నాకు నేనే తీర్పు చెప్పుకున్న. అది అబద్ధం కాదు, అందుకే అంత గట్టిగ పట్టుకున్న. తప్పు చేస్తేనే బాధ్యత అనుకున్న. ఎదుటి మనిషి ముఖం నా దిక్కు తిరిగిన్నాడే, నేను ఒప్పుకోకముందే, ఆ బాధ్యత నా మీద పడ్డదంటడు లెవినాస్. 1940 నుంచి 1945 దాక జర్మన్ల చేతుల యుద్ధఖైదీగ ఉన్నడాయన. తల్లిదండ్రులను, తమ్ముండ్లను నాజీలు చంపిన్రు. క్యాంపు పక్కపొంటి పోయేటోళ్లు ఖైదీలను మనుషుల్లెక్క చూడలేదట. ఎక్కన్నుంచో వచ్చిన కుక్క ఒక్కటే, వాళ్లు పని నుంచి తిరిగొస్తుంటే సంబురంతోని ఎగిరి మొరిగేదట.

ముఖాన్ని కలుసుకోవాల్నంటే కండ్ల రంగు కూడ గమనించకపోవుడే మేలని కూడ అన్నడు. నాకు ఆ దూదిపోచ యాదికున్నది. మామ ముఖం యాదికి లేదు.

లెవినాస్ చెప్పే 'ఇతరుడి' మీద, అంటే ఎదుటి మనిషి మీద, రాసుకుంట కూసొని, నీ రూము తలుపు కొట్టినోళ్లను రేపు రమ్మంటవేమోనని నా భయం. అట్లన్నవని తెలిస్తే నేను ఊకోను. అట్లని లోకం బరువంత నెత్తికెత్తుకొని ఏడ్వకు తల్లీ. కోడిపిల్ల చస్తేనే రెండు దినాలు బువ్వ ముట్టని దానివి నువ్వు.

మామ ఇంక ఉన్నడు, పరకాల దిక్కు కొడుకు కాడ. ఆనాటి సంగతి నేనెన్నడూ ఎత్తలే. నువ్వు కాజీపేటల రైలెక్కకముందు, ఈ ఆదివారం పోదామనుకుంటున్న. నా వెంట వస్తవా? ఒక్కన్నే అయితే మళ్ల రేపంటనేమో.

మీ పెద్దబాపు
హన్మకొండ