ఎయిర్‌హోస్టెస్ చదువుకు గాజులు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 20 ఏళ్లు. డిగ్రీ చివరి ఏడాది. ఎయిర్‌హోస్టెస్ కావాలని పట్టుదల. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు కోర్సుకు రూ.1.80 లక్షలు అడుగుతున్నారు. ఉద్యోగం వస్తే నెలకు 50 వేలకు తగ్గదంటున్నారు. నా గాజులు బ్యాంకులో పెట్టి కట్టాలనుకుంటున్నాను. ఫ్రెంచో అరబిక్కో నేర్పిస్తే జీతం పెరుగుతుందా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: గాజులు బయటికి తీయకండమ్మా. విమానయాన సంస్థలు ఇంటర్ పాసైనవాళ్లను నేరుగా ఇంటర్వ్యూకు తీసుకుంటాయి, ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. ప్రయాణికుల్ని గబగబా దింపడం, మంటలార్పడం, ప్రథమ చికిత్స వంటి శిక్షణ ఎంపికయ్యాక సంస్థే ఇస్తుంది. బయట కోర్సు చేసి వెళ్లినా అది మళ్లీ మొదటి నుంచీ చేయాల్సిందే. కాబట్టి మీరు కట్టబోయేది ఇంటర్వ్యూకు తయారు కావడానికి అయ్యే ఖర్చు మాత్రమే. 1.80 లక్షలు 12 శాతం వడ్డీకి రెండేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు రూ.8,470 వాయిదా. ఉద్యోగం రాకముందే అది మీ నెత్తిన పడుతుంది.

ముందు పైసా ఖర్చులేని పరీక్ష ఒకటి ఇంట్లోనే పెట్టండి. గోడ మీద నేల నుంచి 212 సెంటీమీటర్ల ఎత్తులో పెన్సిల్‌తో గీత గీయండి. అమ్మాయి మునివేళ్ల మీద నిలబడి చెయ్యి చాస్తే వేళ్లు ఆ గీతకు తగలాలి. పై అరల్లోని అత్యవసర సామాను అందాలి కదా, అందుకే దుబాయ్ విమాన సంస్థ ఎమిరేట్స్ ఈ కొలత పెట్టింది. దాంతోపాటు కనీసం 160 సెంటీమీటర్ల ఎత్తు, 21 ఏళ్లు నిండిన వయసు ఉండాలి. యూనిఫాం వేసుకున్నాక కనిపించే పచ్చబొట్టు ఉండకూడదు. ఈ పరీక్షలో ఆగిపోయే పిల్ల దగ్గర ఫీజు కట్టించుకోవడం అన్యాయం, కానీ అదీ జరుగుతోంది.

ఇక ఆ 50 వేల సంగతి. ఈ ఉద్యోగంలో జీతమంతా ఒక ముద్ద కాదు. స్థిరంగా వచ్చేది కొంత, ఎగిరిన గంటలకు వచ్చే ఫ్లయింగ్ అలవెన్స్ కొంత, వేరే ఊళ్లో రాత్రి ఆగితే ఇచ్చే భత్యం కొంత. ఉదాహరణకు స్థిర జీతం 26,000, గంటకు 300 చొప్పున 70 గంటలకు 21,000 అనుకుందాం. మొత్తం 47,000. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెప్పేది ఇంచుమించు ఈ అంకెనే. అదే సెలవులూ, పిలిస్తే వెళ్లేందుకు సిద్ధంగా ఉండే స్టాండ్‌బై డ్యూటీలూ పడి 35 గంటలే ఎగిరితే 36,500. జ్వరమొచ్చి నెలంతా ఇంట్లో ఉంటే 26,000. అందులో పీఎఫ్ 1,800, తెలంగాణలో వృత్తి పన్ను 200 పోగా చేతికి 24,000.

గంటలు లెక్కపెట్టే తీరు కూడా తెలియాలి. సాధారణంగా విమానం కదిలినప్పటి నుంచి మళ్లీ ఆగేదాకానే లెక్క. ఢిల్లీ పొగమంచులో విమానం మూడు గంటలు కదలకపోతే ఆమె డ్యూటీలోనే ఉంటుంది, అలవెన్స్ మీటరు మాత్రం తిరగదు. పైగా ఈ నెల ఎగిరిన డబ్బు చాలాచోట్ల వచ్చే నెల జీతంలో పడుతుంది. అందుకే అద్దె, తిండి, వాయిదాలు అన్నీ ఆ 24,000లో ఇమడాలి. ఫ్లయింగ్ డబ్బు రాగానే వేరే ఖాతాలోకి మళ్లించి, ఆరు నెలల ఖర్చు జమయ్యేదాకా ముట్టుకోవద్దు.

ఆ ఖాతాలోకి మొదటి విడత మీరే వేయండి. పోస్టింగ్ హైదరాబాద్‌లోనే వస్తుందన్న హామీ లేదు. ముంబైలో మరోల్ వైపో, ఢిల్లీలో మహిపాల్‌పుర్ వైపో నలుగురితో కలిసి ఇల్లు తీసుకున్నా అడ్వాన్సు ముందే కట్టాలి. శిక్షణ నెలల్లో వచ్చేది స్టైపెండే. ఇన్‌స్టిట్యూట్‌కు కట్టాలనుకున్నదాంట్లో సగం ఉన్నా ఇక్కడ అక్కరకొస్తుంది. ఇన్నాళ్లు మానకుండా పనిచేస్తానని బాండ్ రాయమంటే, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో, ఆ మొత్తం నెలనెలా తగ్గుతుందో లేదో చదివాకే సంతకం చేయించండి. ఉద్యోగం ఇప్పిస్తాం, డిపాజిట్ కట్టమన్నవాళ్లు మోసగాళ్లే.

భాషల విషయంలో మీ ఆలోచన మంచిదే, వరస మార్చాలి. దేశీయ విమానాల్లో ఫ్రెంచ్‌తో జీతం పెరుగుతుందని లెక్క వేసుకోవద్దు. అక్కడ చూసేది ఇంగ్లిష్, హిందీ. మన పిల్లలకు హైదరాబాదీ హిందీ ధారాళంగా వస్తుంది గానీ ‘హౌ’, ‘నక్కో’లతో అనౌన్స్‌మెంట్ నడవదు. ఇంగ్లిష్‌లో ‘సీట్ బెల్ట్’ని ‘సీటు బెల్టు’ అనేస్తాం, చివర ‘ఉ’ చేర్చడం మన నాలుక అలవాటు. రోజూ పది నిమిషాలు గట్టిగా చదివించి ఫోన్లో రికార్డు చేసి వినిపించండి. రెండు మూడు నెలల్లో తేడా తెలుస్తుంది. గల్ఫ్ సంస్థల్లోనూ పని భాష ఇంగ్లిషే, అరబిక్ లేకపోయినా దరఖాస్తు చేయొచ్చు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి దుబాయ్ వెళ్లేవాళ్లలో తెలుగు తప్ప మరోటి రానివాళ్లు ఎందరో. అందుకే దరఖాస్తులో తెలుగు, ఉర్దూ తప్పకుండా రాయించండి.

విదేశీ భాష నేర్పిస్తే సొంతంగా మాట్లాడగలిగే మధ్యస్థాయి, అంటే బీ1 దాకా వెళ్లాలి. మొదటి మెట్టయిన ఏ1తో ఆపేస్తే పరిచయం చేసుకోవడం దగ్గరే ఆగుతుంది. తార్నాకలోని భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ, బంజారాహిల్స్‌లో ఫ్రెంచ్ నేర్పే అలయన్స్ ఫ్రాన్సేజ్, జర్మన్ నేర్పే గోథే సెంట్రమ్‌లలో విచారించండి. రేపు ఎగరడం మానేసినా ఆ భాష కూడు పెడుతుంది.

ఉచిత టికెట్లను జీతంలో కలిపి చూడకండి. అవి చాలావరకు సీటు మిగిలితేనే ఎక్కించే టికెట్లు. సంక్రాంతికి రాజమండ్రి విమానంలో మిగలవు. పన్ను మాటకొస్తే, కొత్త విధానంలో జీతం ఏడాదికి 12.75 లక్షల దాకా ఉన్నా పన్ను పడదు కాబట్టి పన్ను ఆదా పేరుతో ఎవరు పాలసీ అంటగట్టబోయినా వద్దనండి. ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు పథకమైన పీపీఎఫ్ ఖాతా మాత్రం ఇప్పుడే ఏడాదికి రూ.500తో తెరిపించండి. గల్ఫ్ వెళ్లి ఎన్నారై అయ్యాక కొత్తగా తెరవనివ్వరు, పాతదాన్ని 15 ఏళ్లు నిండేదాకా కొనసాగించవచ్చు.

ప్రమాద బీమా తీసుకునేటప్పుడు మినహాయింపుల పేజీ చదవండి. విమానంలో ‘ప్రయాణికుడిగా’ ఉంటేనే వర్తిస్తుందని చాలా పాలసీల్లో ఉంటుంది, సిబ్బంది అందులోకి రారు. క్యాబిన్ క్రూ అని దరఖాస్తులో రాసి, వర్తిస్తుందని కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాకే ప్రీమియం కట్టండి.