17 డాలర్ల గిటార్ దగ్గర మొదలుపెట్టు

చెల్లెమ్మా,

లొరెట్టా లిన్ గురించి నువ్వు రాసిన వ్యాసం పోయిన మంగళవారం చేతికొచ్చింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ఒక అమెరికన్ కంట్రీ గాయని జీవితాన్ని తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు సంతోషంగా ఉంది. మన పత్రికల్లో ఆ సంగీతం గురించి రాసేవాళ్ళు తక్కువ. అందుకే నీ వ్యాసం ఏదో ఒకలా ఉంటే చాలదు, బాగుండాలి. ఫోన్లో చెబితే మర్చిపోతావని ఉత్తరం రాస్తున్నాను.

2013లో ఒబామా ఆమె మెడలో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అనే పతకం వేయడంతో నువ్వు మొదలుపెట్టావు. అక్కణ్ణుంచి 1932కి వెళ్ళి, ఏడాది తర్వాత ఏడాది చెప్పుకుంటూ 2022 అక్టోబర్ 4న ఆమె చనిపోయేదాకా వచ్చావు. 16 నంబర్ వన్ పాటలు, అవార్డులు, సినిమా, ఏదీ వదల్లేదు. ఒక్కటి తప్ప వివరాలన్నీ సరైనవే, ఆ ఒక్కదాని సంగతి తర్వాత చెప్తాను. కానీ చదవడం అయ్యాక ఆమె ఎలాంటి మనిషో నాకు తెలియలేదు. ఆమె అందుకున్నవి మాత్రం తెలిశాయి.

నీ వ్యాసంలో 'పేదరికం' అనే మాట పదకొండుసార్లు వచ్చింది. దుర్భర పేదరికం, కటిక పేదరికం, పేదరికపు కోరలు. అదే మనిషి 1970లో తన బాల్యం మీద రాసుకున్న 'కోల్ మైనర్స్ డాటర్' పాట ఇంకోసారి విను. ఎండాకాలం పిల్లలకు చెప్పుల్లేవు. చలికాలం వస్తే అందరికీ కొత్త జోళ్ళు వచ్చేవి. ఎక్కణ్ణుంచి? పోస్టులో తెప్పించుకునే కేటలాగ్ నుంచి. డబ్బు? పందిని అమ్మితే వచ్చింది. అంతే చెప్పింది. ఒక పంది, ఎనిమిదిమంది పిల్లలు, ఏడాదికి ఒక జత జోళ్ళు. ఇది విన్నాక ఇంకెవరూ 'దుర్భర' అని పక్కన రాయక్కర్లేదు. ఆమె తన పేదరికాన్ని ఇంటి ఖర్చు లెక్కలా చెప్పింది. నువ్వు కూడా ఆ లెక్క చెప్పు చాలు.

ఆ పాట గురించి ఇంకో సంగతి. మొదట అది ఇంకా పొడుగ్గా ఉండేది. ప్రొడ్యూసర్ ఓవెన్ బ్రాడ్లీ కొన్ని చరణాలు తీసేయమన్నాడు, తీసేసింది. తన ఇంటి సంగతులు, తన తల్లిదండ్రుల సంగతులు తీసేయడం ఆమెకు ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఆలోచించు. 1969లో రికార్డు చేసిన పాట ఏడాది ఆగి బయటికొచ్చింది, నంబర్ వన్ అయింది. నీ వ్యాసంలో నేను పెన్సిల్‌తో కొట్టేసినవి చూసి నీకు బాధ కలుగుతుంది. కలగనీ, తర్వాత కూర్చుని మళ్ళీ చదువు.

ఇప్పుడు బొగ్గు సంగతి. ఆమె తండ్రి టెడ్ వెబ్ కెంటకీ రాష్ట్రంలో వాన్ లియర్ దగ్గర బొగ్గుగనిలో పనిచేశాడు. 'గని కార్మికుడు' అని నువ్వు ఒక్క మాటలో దాటేశావు. మా నాన్న ఇల్లెందులో బాయి పని చేశాడు కాబట్టి నేనక్కడ ఆగిపోయాను. షిఫ్ట్ అయ్యి ఇంటికొచ్చి, సబ్బుతో రెండుసార్లు తోముకుని స్నానం చేసినా ఆయన కనురెప్పల అంచున నలుపు పోయేది కాదు. కాటుక పెట్టుకున్నట్టే ఉండేది. చిన్నప్పుడు మా తమ్ముడు నిజంగా కాటుకే అనుకున్నాడు. బొగ్గుబాయి దగ్గర పుట్టి పెరిగినవాళ్ళు నీ పాఠకుల్లో ఎందరో ఉంటారు, కొత్తగూడెంలో, మందమర్రిలో, గోదావరిఖనిలో. వాళ్ళకు నువ్వు ఏమీ వివరించక్కర్లేదు, చూపిస్తే చాలు. అలాగని సింగరేణిని తీసుకెళ్ళి కెంటకీలో పెట్టకు. మనది ప్రభుత్వ కంపెనీ. వాన్ లియర్ ఒక ప్రైవేటు బొగ్గు కంపెనీ కట్టించిన ఊరు. లొరెట్టా వాళ్ళ ఇల్లు ఆ ఊళ్ళో కూడా కాదు, కొండల సందులో బుచర్ హాలో అనే చోట చెక్క ఇల్లు. తల్లి పాత పత్రికల కాగితాలు గోడలకు అంటించేది. అలా అంటించిన బొమ్మల్లో సినిమా నటి లొరెట్టా యంగ్ ఉంది. కూతురికి ఆ పేరే పెట్టింది. నువ్వు పేరు ఎలా వచ్చిందో చెప్పావు, గోడ చెప్పలేదు. గోడే కదమ్మా ముఖ్యం!

ఇంకొకటి. బొగ్గుపొడి టెడ్ వెబ్ ఊపిరితిత్తుల్లో చేరింది. 1959లో పోయాడు. కూతురి మొదటి రికార్డు వచ్చింది 1960లో. ఆయన మీద ఆమె కట్టిన పాటను ఆయన వినలేదు. ఈ రెండు తేదీలూ నీ వ్యాసంలో ఉన్నాయి. కానీ ఒకటి మూడో పేజీలో, ఇంకొకటి ఐదో పేజీలో. పక్కపక్కన పెట్టు. నువ్వు ఒక్క మాట కూడా కలపక్కర్లేదు.

ఇక ఆ తప్పు. పదమూడేళ్ళకే పెళ్ళయిందని రాశావు. నీ తప్పు కాదు, ఆమె ఆత్మకథలోనే అలా ఉంది, ఏళ్ళ తరబడి ప్రపంచమంతా అలాగే రాసింది. 2012లో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు కెంటకీలో ఆమె జనన పత్రం, పెళ్ళి పత్రాలు బయటికి తీశారు. పుట్టింది 1932 ఏప్రిల్ 14. పెళ్ళి 1948 జనవరి 10. అంటే పదిహేనేళ్ళు, ఇంకో మూడు నెలలకు పదహారు. దీన్ని ఎలా రాయాలో జాగ్రత్తగా ఆలోచించు. ఆమెను అబద్ధాలకోరుగా నిలబెట్టకు. పదమూడు అంటే మరింత జాలి పుడుతుందని పాత అంకెనే ఉంచేయకు. ఆమె ఏం చెప్పింది, కాగితాల్లో ఏముంది, రెండూ రాయి. పదిహేనేళ్ళ పెళ్ళి కూడా చిన్న విషయమేం కాదు. నెలలు నిండుతుండగా భర్త వెంట దేశానికి ఆ చివరనున్న వాషింగ్టన్ రాష్ట్రానికి, కెనడా సరిహద్దు దగ్గర కస్టర్ అనే ఊరికి వెళ్ళింది. ఇరవై ఒకటి వచ్చేసరికి నలుగురు పిల్లలు.

అక్కడికే వస్తున్నాను. 1953లో భర్త డూలిటిల్ ఆమెకు సియర్స్ కంపెనీ అమ్మే హార్మొనీ గిటార్ ఒకటి కొనిచ్చాడు. 17 డాలర్లు. పిల్లల్ని నిద్రపుచ్చుతూ ఆమె పాడుకోవడం విని, రేడియోలో పాడేవాళ్ళకు నువ్వేం తీసిపోవు అన్నది అతనే. ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పనులన్నీ అయ్యాక తనే వేళ్ళతో వెతుక్కుంటూ నేర్చుకుంది. నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి. నలుగురు పిల్లల తల్లి, ఇల్లు సర్దుకుని, తెలియని తీగల మీద వేళ్ళు పెట్టి చూసుకోవడం దగ్గర. పతకం దగ్గర మొదలుపెడితే ఆమె గెలుస్తుందని పాఠకుడికి ముందే తెలిసిపోతుంది. గిటార్ దగ్గర ఆమెకే తెలియదు.

డూలిటిల్‌ను నువ్వు రెండు ముక్కలు చేశావు. మొదటి సగంలో 'భార్య ప్రతిభను గుర్తించిన భర్త', రెండో సగంలో 'తాగుబోతు, తిరుగుబోతు'. మధ్యలో మనిషి మారిపోయినట్టు. అతను మారలేదమ్మా. గిటార్ కొన్నప్పుడూ తాగేవాడు. తాగుతున్న రోజుల్లోనూ ఆమె రికార్డు పట్టుకుని ఊరూరా తిప్పాడు. 1960లో జీరో రికార్డ్స్ అనే చిన్న కంపెనీ ఆమె మొదటి పాట వేసింది. అడ్వర్టైజ్‌మెంట్‌కు డబ్బుల్లేవు. భార్యాభర్తలిద్దరూ కారెక్కి రేడియో స్టేషన్ కనిపించిన చోటల్లా ఆగి, లోపలికెళ్ళి, మా రికార్డు వెయ్యండి అని అడిగారు. శాండ్‌విచ్‌లు తింటూ, కార్లోనే పడుకుంటూ. ఆ పాట బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ లిస్టులో 14వ స్థానం దాకా వెళ్ళింది. అదే ఏడు ఆమె కంట్రీ సంగీతానికి రాజధాని లాంటి నాష్‌విల్‌లో, గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే పేరున్న రేడియో కచేరీ వేదిక ఎక్కింది. ఆ కారు నడిపింది డూలిటిలే. మద్యం వాసనతో ఇంటికి రావద్దని ఆమె పాడిన పాట, 1967లో ఆమెకు మొదటి నంబర్ వన్ తెచ్చిన పాట, అదీ అతని మీదే. వాళ్ళిద్దరి మధ్య దెబ్బలు కూడా ఉన్నాయి, అతను ఒకటి కొడితే తను రెండు కొట్టేదాన్నని ఆమే చెప్పింది. అతను జబ్బు పడ్డప్పుడు కచేరీలు తగ్గించుకుని చూసుకున్నదీ ఆమే. 1996లో అతను పోయేదాకా కలిసే ఉన్నారు. నువ్వు తీర్పు చెప్పొద్దు, సమర్థించొద్దు. ఇవన్నీ ఒకే ఇంట్లో జరిగాయని చూపించు.

ఇది నాకెలా తెలిసిందో చెప్తాను. ముప్ఫయ్యేళ్ళ కింద మా దగ్గర నాట్లేసేటప్పుడు పాటలు పాడే ఒక పెద్దావిడ మీద వ్యాసం రాశాను. ఆమె భర్త తాగి వచ్చి ఏం చేసేవాడో ఆమే నాకు చెప్పింది. గౌరవంగా ఉండదని అదంతా వదిలేసి, పాటలు, ఓపిక, పెద్దరికం రాశాను. పత్రికలో వచ్చాక మనవరాలు ఆమెకు చదివి వినిపించింది. నేనూ అక్కడే ఉన్నాను. ముందు చింతపండు పోసుకుని గింజలు తీస్తోంది. అంతా విన్నది. చెయ్యి ఆపకుండానే, "మంచిగుంది. ఎవరామె?" అని అడిగింది. నేను ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళి, ఆమె చెప్పిందంతా రాసుకున్నాను.

'స్త్రీవాద గాయని' అన్న శీర్షిక కూడా తీసెయ్. ఆ మాట తప్పని కాదు, నేనూ స్త్రీవాదినే. కానీ ఆ మాట పైన పెడితే పాఠకుడు పాటలన్నిటినీ దాని కిందే సర్దేసుకుంటాడు. నా మొగుడి జోలికొస్తే తంతానని ఇంకో ఆడదాన్ని బెదిరిస్తూ 1968లో ఆమె పాట రాసింది. అదే మనిషి 1975లో గర్భనిరోధక మాత్ర మీద పాట విడుదల చేసింది. ఏటేటా కనీ కనీ విసిగిన భార్య, ఇక లెక్క మారిందని మొగుడితో చెప్పే పాట. 1972లో రికార్డు చేస్తే మూడేళ్ళు బయటికి రాలేదు. వచ్చాక ఎన్నో కంట్రీ రేడియో స్టేషన్లు ఆ పాట వెయ్యబోమన్నాయి. అయినా కంట్రీ లిస్టులో 5వ స్థానానికి చేరింది. ఆరుగురు పిల్లల్ని కన్న మనిషి పాడింది కాబట్టి పల్లెల్లో ఆడవాళ్ళు తమ మాటగా విన్నారు. 1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ 'ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్' బహుమతి మొదటిసారి ఒక స్త్రీకి ఇచ్చింది, ఆమెకే. ఈ రెండు పాటలూ ఒకే మనిషివి అని పక్కపక్కన రాయి.

అన్నట్టు, 'కంట్రీ'ని నువ్వు 'జానపదం' అన్నావు. వద్దు. జానపదానికి కర్త తెలియదు, రాయల్టీ ఉండదు. ఇది స్టూడియోలో రికార్డయి, రేడియోలో అమ్ముడైన పాట. కంట్రీ సంగీతం అనే రాయి, అర్థమవుతుంది.

రాయల్టీ అన్నాను కాబట్టి, నీ వ్యాసంలో అసలే లేని విషయం ఒకటుంది. నాష్‌విల్‌లో అడుగుపెట్టిన కొత్తలో విల్బర్న్ బ్రదర్స్ అనే గాయక సోదరులు ఆమెకు అండగా నిలిచారు, నిజమే. కానీ వాళ్ళ పబ్లిషింగ్ కంపెనీతో ఆమె చేసుకున్న ఒప్పందం జీవితాంతం కట్టిపడేసేది. విడిపోయాక కోర్టుల్లో ఏళ్ళ తరబడి పోరాడింది, తన పాటల హక్కులు తిరిగి రాలేదు. పాట రాస్తే వాళ్ళకే పోతుందని 1970ల్లో రాయడం చాలావరకు మానేసింది. అలాంటి పాటలు రాసే మనిషి కలం పక్కన పెట్టేసింది ఒక సంతకం వల్ల! దీనికి ఒక పేజీ ఇవ్వు. తర్వాత 2004లో, 72 ఏళ్ళ వయసులో, జాక్ వైట్ అనే ఇరవై ఎనిమిదేళ్ళ రాక్ కుర్రాడితో కలిసి 'వాన్ లియర్ రోజ్' ఆల్బమ్ చేసింది. అందులో పాటలు దాదాపు అన్నీ ఆమె రాసినవే, ఆల్బమ్ పేరుతోనే ఉన్న పాట తన తల్లి మీద. రెండు గ్రామీలు వచ్చాయి. ఆ ఖాళీ ఏళ్ళ సంగతి ముందు చెబితేనే ఈ ఆల్బమ్ విలువ తెలుస్తుంది, లేకపోతే ఇంకో అవార్డు అంతే. నీ పుస్తకానికి ఎవరైనా ఒప్పందం కాగితం పంపితే సంతకం పెట్టకముందు నాకు పంపు. నా మొదటి పుస్తకానికి చదవకుండా సంతకం పెట్టాను, ఇప్పటికీ ఆ పుస్తకం నాది కాదు.

తోటి కంట్రీ గాయని ప్యాట్సీ క్లైన్‌తో ఆమె స్నేహం గురించి నువ్వు రాసిన పేరా బాగుంది, ముట్టుకోలేదు. కవల పిల్లల్లో ఒకరికి ప్యాట్సీ అని పేరు పెట్టిందన్న దగ్గర ఆపావు చూడు, అక్కడ నాకు కళ్ళు చెమర్చాయి. 1984లో పెద్ద కొడుకు నదిలో మునిగి చనిపోవడం మాత్రం మూడు వాక్యాలకు తగ్గించు. 'తల్లి గుండె పగిలింది' తీసేశాను.

ఆమె జీవితం మీద వచ్చిన 1980 నాటి సినిమాలో సిసీ స్పేసెక్ లొరెట్టాగా చాలా గొప్పగా చేసింది, ఆస్కార్ కూడా వచ్చింది. కానీ నీ రెండో పేజీలో పెళ్ళినాటి దృశ్యం సినిమా చూసి రాసినట్టుంది. చూసి రాస్తే సినిమాలో అలా ఉందని చెప్పు.

రెండో ప్రతి తొందరపడి రాయకు. పాటలు రోజుకి రెండు చొప్పున, మాటలు రాసుకుంటూ విను. గిటార్ దగ్గర మొదలుపెట్టి ఒక్క పేజీ రాసి ముందు అది పంపు, చాలు. నాకు కంటి ఆపరేషన్ అయి నెల కాలేదు, అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింట్ తీయించు. మార్జిన్ కూడా వదులు, పెన్సిల్‌కు చోటుండాలి.

ప్రేమతో,
అక్క