మ్యాపు మీద ఏ టైమ్ వేయాలి?

ప్రశ్న: వాతావరణ మోడల్ ఫైళ్లు దించుకుని గంటగంటకీ మ్యాపులు గీసే పైథాన్ స్క్రిప్టు నడుపుతున్నాను. న్యూయార్క్ టైమ్ చూపడానికి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) నుంచి ఐదు గంటలు తీసేశాను. చలికాలమంతా సరిగ్గానే ఉంది, మార్చిలో గంట తేడా వచ్చింది. నాలుగుకు మారిస్తే సరిపోతుందా?

జవాబు: నవంబరు దాకా సరిపోతుంది! అక్కడ వేసవిలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు. అందుకే అంకె మీరు పెట్టకుండా జోన్ పేరు ఇవ్వండి. పైథాన్ 3.9 నుంచి టైమ్ జోన్లు చూసుకునే జోన్‌ఇన్ఫో అందులోనే వస్తోంది. విండోస్‌లో మాత్రం జోన్ల వివరాలుండే టీజెడ్‌డేటా ప్యాకేజీ కూడా వేసుకోండి, లేకపోతే జోన్ దొరకలేదంటుంది. పేరు ‘అమెరికా/న్యూ_యార్క్’ అని పూర్తిగా ఉండాలి. ‘ఈఎస్‌టీ’ (అక్కడి చలికాలపు టైమ్) అని ఇస్తే ఏడాది పొడవునా ఐదు గంటల తేడానే చూపిస్తుంది.

అసలు తిరకాసు వేరే ఉంది. మోడల్ ఫైళ్లు చదివే ఎక్స్‌అరే లైబ్రరీతో ఫైలు తెరిస్తే వచ్చే టైమ్‌కు జోన్ ఉండదు. డేటా పట్టికల లైబ్రరీ పాండాస్‌లో ముందు టీజెడ్_లోకలైజ్‌తో అది యూటీసీ అని చెప్పి, తరవాత టీజెడ్_కన్వర్ట్‌తో మార్చాలి. మొదటి మెట్టులోనే న్యూయార్క్ ఇచ్చారా, మామూలు రోజుల్లో ఎర్రర్ ఏమీ రాదు. 12 యూటీసీ కాస్తా న్యూయార్క్ మధ్యాహ్నం 12 అయి కూర్చుంటుంది.

ఫోర్‌కాస్ట్ గంటలు కలపడం కూడా యూటీసీలోనే జరగాలి. 2025 నవంబరు 1న 12 యూటీసీ అంటే అక్కడ ఉదయం 8. దానికి 24 గంటలు కలిపితే మర్నాడు 12 యూటీసీ, కానీ ఆ రాత్రి గడియారం వెనక్కి జరిగింది కాబట్టి అక్కడ ఉదయం 7. పైథాన్ సొంత డేట్‌టైమ్‌ను న్యూయార్క్ టైమ్‌కు మార్చేశాక టైమ్‌డెల్టాతో 24 గంటలు కలిపితే మాత్రం అది గోడ గడియారం లెక్కన 8 అంటుంది.

ఫైలు పేర్లలో లోకల్ టైమ్ పెట్టకండి. అదే రాత్రి 05 యూటీసీ, 06 యూటీసీ రెండూ అక్కడ ఒంటిగంటే. రెండో మ్యాపు మొదటిదాని మీద పడి, యానిమేషన్‌లో ఒక ఫ్రేము గల్లంతవుతుంది. శీర్షికలో ఈడీటీ (వేసవి టైమ్), ఈఎస్‌టీ అని కనపడితే చూసేవాళ్లకూ తేడా తెలుస్తుంది.

ప్రశ్న: శీర్షిక సరిగ్గానే ఉంది, గ్రాఫు కింద గంటలు మాత్రం యూటీసీలోనే వస్తున్నాయి. ఎందుకు?

జవాబు: గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో మీరే డేట్‌ఫార్మాటర్ (తేదీ, టైమ్ ఎలా రాయాలో చెప్పేది) పెట్టి ఉంటారు. దానికి టీజెడ్ ఇవ్వకపోతే సెట్టింగుల్లోని జోన్ తీసుకుంటుంది, అది మామూలుగా యూటీసీ. గీతలు ఎక్కడ పడాలో చెప్పే లొకేటర్‌కూ అదే టీజెడ్ ఇవ్వండి. ఫార్మాటర్‌కు మాత్రమే ఇస్తే రోజు మారే గీత అర్ధరాత్రి దగ్గర కాక, వేసవిలో రాత్రి 8 దగ్గర పడుతుంది. రోజువారీ గరిష్ఠ ఉష్ణోగ్రత గీస్తుంటే ఇదీ చాలదు. యూటీసీ రోజుల్లో తీసిన గరిష్ఠానికి లేబుల్ మార్చి లాభం లేదు, గంటల డేటాను లోకల్ రోజులుగా విడదీసి మళ్లీ లెక్కించాలి.