‘నింపితే’ చాలదు, ‘నింపితేనే’ కావాలి

సందేహం: ఒక దరఖాస్తు ఫారాన్ని తెలుగులో తయారుచేస్తున్నాం. తప్పక నింపవలసిన గళ్లన్నీ నిండితే తప్ప ‘పంపండి’ బటన్ పనిచేయకూడదు. ఈ నియమాన్ని ‘అవసరమైన గడులను మాత్రమే పూరించబడితే బటన్ ప్రారంభించబడుతుంది’ అని రాశారు. ఏదో తేడాగా ఉందిగాని తప్పెక్కడో తేలడం లేదు. ఫారం నింపేవారికీ ప్రోగ్రాం రాసేవారికీ ఒకే వాక్యం సరిపోతుందా?

సమాధానం: అన్నిటికన్నా పెద్ద తప్పు ‘మాత్రమే’ కూర్చున్న చోట ఉంది. ‘మాత్రమే’ అయినా, అవధారణార్థకమైన (అంటే ‘ఇదే, మరొకటి కాదు’ అని నొక్కిచెప్పే) ‘ఏ’ అయినా తనకు ముందున్న మాటనే పట్టుకుంటుంది. ‘గడులను మాత్రమే’ అంటే హద్దు గడులకు పడుతుందిగాని, నింపడమనే షరతుకు పడదు. తప్పనిసరి గళ్లతోపాటు ఇష్టముంటే నింపే గడి ఒకటి నింపినా బటన్ పనిచేయదని ఎవరైనా అర్థం చేసుకుంటే ఆ తప్పు వారిది కాదు. హద్దు షరతుకు పడాలి కాబట్టి ‘ఏ’ క్రియకే చేరాలి: ‘తప్పనిసరి గళ్లన్నీ నింపితేనే బటన్ పనిచేస్తుంది.’

ఆ చిన్న ‘ఏ’ లేకపోతే ఏం పోతుంది? ‘నింపితే’ చేదర్థకం, అంటే షరతును చెప్పే క్రియారూపం. ‘వాన పడితే చెరువు నిండుతుంది’ అన్న వాక్యం కాలువ నీళ్లతో చెరువు నిండే వీలును కాదనలేదు. ‘వాన పడితేనే’ అన్నామా, ఇక వేరే దారి లేదు. మొదటిది వాన చాలంటుంది, రెండోది వాన లేనిదే కుదరదంటుంది. మీ నియమంలో ‘లేనిదే కుదరదు’ అన్నదే ప్రాణం. ఇంకొక సంగతి కూడా గమనించండి. ‘నింపితేనే’ అన్నంత మాత్రాన నింపడం చాలని హామీ ఇచ్చినట్టు కాదు. షరతులకు అంగీకరిస్తున్నానని టిక్ పెట్టడం కూడా అవసరమైతే ఆ మాట విడిగా చెప్పాలి.

‘నింపినప్పుడు మాత్రమే’ కూడా తప్పు కాదు, ‘మాత్రమే’ అక్కడ సరైన చోటే ఉంది. ఒక్క అక్షరంతో పోయేదానికి అంత బరువు ఎందుకన్నదే నా అభ్యంతరం.

ఇక మీ రెండో ప్రశ్న. ఫారం నింపేవారికి ‘నింపితేనే’ చక్కగా సరిపోతుంది, ఎందుకంటే అది వారు చేయవలసిన పనిని చెబుతుంది. ప్రోగ్రాం రాసేవారికి అది చాలదు. వారికి కావలసింది పని కాదు, స్థితి. ‘నింపగానే బటన్ పనిచేస్తుంది’ అన్న వాక్యాన్ని చూసి ప్రోగ్రాం రాస్తే ఒకసారి నింపగానే బటన్ తెరుచుకుంటుంది. తర్వాత ఆ గడిలోని పేరును చెరిపేసినా అలాగే తెరిచి ఉంటుంది. ఈ ఫారాల్లో తరచుగా కనిపించే లోపం ఇదే. ‘నింపేవరకు పనిచేయదు’ అన్నా అంతే, నింపాక ఏమైనా పరవాలేదన్న ధ్వని అందులో ఉంది. ‘నింపనంతవరకు’ కొంత నయం, అది ఖాళీగా ఉన్న కాలమంతటినీ చూస్తుంది. అన్నిటికన్నా గట్టి వాక్యం ‘ఉండు’ ధాతువుతో వస్తుంది: ‘తప్పనిసరి గళ్లన్నీ నిండి ఉన్నంతసేపే బటన్ పనిచేయాలి. ఏ ఒక్కటి ఖాళీ అయినా ఆగిపోవాలి.’ ఇక్కడ ‘నింపు’ను వదిలి ‘నిండు’ను తీసుకున్నది కావాలనే. ఎవరు నింపారన్నది యంత్రానికి పట్టదు, నిండి ఉందా లేదా అన్నదే దానికి కావాలి.

వ్యతిరేకార్థంలో ఒక గోతి ఉంది. ‘అన్ని గళ్లూ నింపకపోతే బటన్ ఆగుతుంది’ అని రాయకండి. ఒక్కటీ నింపకపోతేనా, ఒక్కటి తగ్గినానా? తెలుగులో ఆ వాక్యం రెండర్థాలూ ఇస్తుంది. మొదటి అర్థం తీసుకున్నవారు ఒక గడి నిండగానే బటన్ తెరిచేస్తారు. ‘ఏ ఒక్కటి ఖాళీగా ఉన్నా’ అంటే సందేహానికి చోటుండదు.

‘ఖాళీ’ అంటే ఏమిటో కూడా రాసి ఇవ్వాలి. వెబ్ ఫారాల్లో తప్పనిసరి అని తెలపడానికి గడికి తగిలించే ‘రిక్వైర్డ్’ గుణం గడిలో అసలేమీ లేకపోతేనే ఖాళీ అంటుంది, స్పేస్‌బార్ ఒక్కసారి నొక్కితే నిండిందనుకుంటుంది. అందుకే ముందు, వెనుక ఖాళీలను ‘ట్రిమ్’తో తీసేసి చూస్తారు. తెలుగుకు అదీ చాలదు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు తర్వాతి హల్లు ఒత్తుగా మారకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు కంటికి కనబడదు, వెబ్ పేజీల ప్రోగ్రాం భాష అయిన జావాస్క్రిప్ట్‌లోని ‘ట్రిమ్’ దాన్ని తీసేయదు. అదొక్కటే మిగిలిన గడి నిండినట్టే లెక్క. గడి ఖాళీయో కాదో చూసే ముందు దాన్ని కూడా తొలగించమనండి. ప్రోగ్రాం గమనించవలసిన ఘటన మీట నొక్కడం కాదు, ‘ఇన్‌పుట్’, అంటే గడిలో ఉన్నది మారడం. ఫోన్ కీబోర్డు చూపే సూచనల్లోంచి మాటను ఎంచుకున్నా, ఎక్కడినుంచో తెచ్చి అతికించినా మీట నొక్కిన జాడ సరిగా దొరకదు. పేజీ తెరుచుకోగానే కూడా ఒకసారి చూడాలి, పాత వివరాలు అప్పటికే గళ్లలో ఉండవచ్చు.

‘కనీసం 3 అక్షరాలు’ అనే నిబంధన పెట్టారా? కంప్యూటరు లెక్కపెట్టేది మనం అక్షరమనుకునేదాన్ని కాదు. ‘శ్రీ’ మనకు ఒక అక్షరం, కంప్యూటర్లు లిపులను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో 4 సంకేతాలు. ‘రమ’ మనకు రెండు, దానికీ రెండే. అంటే ‘శ్రీ’ గట్టెక్కుతుంది, ‘రమ’ ఆగిపోతుంది. తెలుగు పేర్లకు ఇటువంటి కొలత పెట్టకపోవడమే మంచిది.

మిగిలిన మాటలు. ‘గడులను పూరించబడితే’ వ్యాకరణానికే నిలవదు, కర్మణిలో కర్మకు ‘ను’ చేరదు. ‘గడులు పూరించబడితే’ అని దిద్దినా తెలుగు చెవికి ఎక్కదు. ‘అవసరమైన గడులు’ అంటే ఎవరికి అవసరమైనవి వారు నింపుకోవచ్చన్నట్టుంది, ‘తప్పనిసరి’ అనండి. ‘ప్రారంభించబడుతుంది’ మొదలుపెట్టే పనికి చెందిన మాట, బటన్ దేన్నీ ఇంకా మొదలుపెట్టలేదు. కొన్ని తెలుగు సాఫ్ట్‌వేర్లలో ‘చేతనం, అచేతనం’ కనిపిస్తాయి. స్పృహ తప్పిన మనిషికి వాడే మాటను బటన్‌కు అంటించడం నాకు నచ్చదు. ‘పనిచేస్తుంది, పనిచేయదు’ అందరికీ తెలుస్తాయి. బహువచనం ‘గళ్లు’ అయినా ‘గడులు’ అయినా ఒప్పే, ఫారమంతా ఒక్కటే వాడండి.

చివరగా, బటన్ ఎందుకు పనిచేయడం లేదో చెప్పే వాక్యం. దాన్ని గళ్లకు పైన పెట్టండి, ఎందుకంటే పూర్తిగా ఆపేసిన బటన్ దగ్గరికి ట్యాబ్ మీటతో వెళ్లడం కుదరదు. తెర చదివే సాధనంతో పనిచేసేవారికి అక్కడి మాట చేరకపోవచ్చు. ఏ గళ్లు మిగిలాయో ప్రోగ్రాం చేత చెప్పించాలంటే గడి పేరుకు ‘ను’ అతికించే పద్ధతి పెట్టకండి. ‘పేరును, వయసును’ వరకు బాగానే ఉంటుంది, ‘ఊరు’ దగ్గర ‘ఊరును’ అని తేలుతుంది. అక్కడ రావలసింది ‘ఊరిని’, ప్రాతిపదికే మారిపోతుంది. ‘ఇంకా నింపవలసినవి: పేరు, ఊరు’ అని ప్రథమా విభక్తిలోనే ఉంచితే ఏ పేరు వచ్చినా వాక్యం చెడదు. ఒక్కటే మిగిలినప్పుడు ‘నింపవలసినది’ అని మార్చే ఏర్పాటు మాత్రం చేయించండి.