ఇంటి కోసమే చేస్తున్నానా?

ప్రశ్న: నా వయసు 46. విశాఖపట్నం, మురళీనగర్‌లో ఉంటాం. మూడేళ్ల క్రితం అమ్మకు పక్షవాతం వచ్చింది. ప్రైవేటు స్కూల్లో టీచర్ ఉద్యోగం మానేసి నేనే చూసుకుంటున్నాను. అన్నయ్య హైదరాబాద్‌లో ఉంటాడు, మందులకు డబ్బు పంపిస్తాడు. చెల్లి బెంగళూరులో ఉంటుంది. తన పేరున ఉన్న ఇల్లు నాకే రాసేస్తానని అమ్మ ఈమధ్య అంటోంది. నేను వద్దనలేదు. అది తెలిసి చెల్లి ఫోన్ చేసి ‘ఇంటి కోసమే కదక్కా ఇదంతా’ అంది. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. ఎందుకంటే పక్క స్థలం అమ్ముడైనప్పుడు మా ఇల్లు ఎంత పలుకుతుందని నేనూ బ్రోకర్‌ని అడిగాను. నేను చేసేదంతా నటనేమో అనిపిస్తోంది. ఇల్లు తీసుకోవచ్చా?

జవాబు: బ్రోకర్‌ని రేటు అడిగినందుకు బాధపడకండి. వైజాగ్‌లో ఇప్పుడు పెళ్లి భోజనాల దగ్గర కూడా గజం ఎంత అనే మాట్లాడుకుంటున్నారు.

ప్రేమతో చేస్తున్నానా, ఇంటి కోసమా అని తేల్చుకోవాలని చూస్తున్నారు. అది తేలదు. పక్కబట్టలు మార్చేటప్పుడు జాలి, మందు ఉమ్మేస్తే విసుగు, చుట్టాలొచ్చి ‘కూతురంటే నీలా ఉండాలి’ అంటే కాస్త గర్వం, అన్నయ్య ఫోన్ చేయకపోతే ఉక్రోషం, ఇల్లు వస్తుందన్న ఆశ... ఇవన్నీ ఒకే మనిషికి ఒకే పూటలో కలుగుతాయి. ఆశ ఉన్నంత మాత్రాన జాలి అబద్ధం అయిపోదు.

దాని బదులు, ఆ ఆశ మీ చేత ఏమైనా చేయిస్తోందేమో చూసుకోండి. చెల్లి ఫోన్ చేస్తే, మెలకువగా ఉన్న అమ్మ నిద్రపోతోందని చెప్పారా? అన్నయ్య వచ్చినప్పుడు అమ్మనూ, ఆయననూ ఒంటరిగా వదలడానికి మనసు ఒప్పుకోలేదా? అమ్మ దగ్గర చెల్లి గురించి పుల్లలు పెట్టారా? పెట్టి ఉంటే ఈ రోజే మానేయండి. లేకపోతే ఈ తప్పు చేశానన్న భావన మోయక్కర్లేదు.

చెల్లి మాట కటువుగా ఉంది, నిజమే. దూరంగా ఉన్నవాళ్లకు తాము చేయలేకపోతున్నామన్న బాధ ఉంటుంది. దగ్గరున్నవాళ్లు ఏదో ఆశించే చేస్తున్నారనుకుంటే ఆ బాధ కాస్త తగ్గుతుంది. 1979లో మైఖేల్ రాస్, ఫియోరి సికోలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టి ఇంటి పనుల్లో మీ వంతు ఎంత అని అడిగారు. చాలా జంటల్లో ఇద్దరి వంతులూ కలిపితే మొత్తం కంటే ఎక్కువే తేలింది. అబద్ధం చెప్పాలని చెప్పింది కాదు, ఎవరి చాకిరీ వాళ్లకు బాగా గుర్తుంటుంది. మీ ముగ్గురి లెక్కలూ అలాగే ఉంటాయి. అయితే ఇంటి విషయం చెల్లికి మీరు చెప్పినట్టు లేదు, ఎవరి ద్వారానో తెలిసింది. అక్కడ మాత్రం ఆమె కోపంలో న్యాయం ఉంది.

మీ ఉత్తరంలో ఎక్కడా అమ్మ మనసులో ఏముందో లేదు. ఇల్లు రాస్తానని ఆవిడ ఇప్పుడే ఎందుకు అంటున్నారు? కృతజ్ఞత కావచ్చు. మంచం మీద ఉన్న మనిషికి భయం కూడా ఉంటుంది. మీరు ఎప్పుడో అలసిపోయి నిట్టూర్చి ఉంటారు. ఏదో ఒకటి ఇవ్వకపోతే ఇది నన్ను ఎన్నాళ్లు చూస్తుందిలే అనుకుని ఉండొచ్చు. అందుకే మీ నిజాయితీ నిరూపించుకోవడానికి ‘నాకేం వద్దమ్మా’ అని తెంచేయకండి. ఆవిడకు అది వేరేలా వినిపించవచ్చు. పక్కన కూర్చుని ‘దేనికైనా భయంగా ఉందా అమ్మా’ అని అడగండి. రోజంతా ఆవిడ పనులతోనే గడుస్తుంది కాబట్టి ఈ మాట అడిగే తీరిక మీకు దొరికి ఉండదు.

ఇల్లు తీసుకోవచ్చా అంటే, తీసుకోవచ్చు. ఆవిడ పేరున ఉంది, ఆవిడ ఇష్టం. కానీ సెటిల్‌మెంట్ డీడ్ (బతికుండగానే ఆస్తి రాసిచ్చే పత్రం) రిజిస్టర్ అయితే హక్కు మీకు వచ్చేస్తుంది. చూసుకోవాలన్న షరతు దస్తావేజులో ఉండి, అది తప్పితే రద్దు చేయమని 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం కింద ఆర్డీవో ఉండే ట్రిబ్యునల్‌ను అడగొచ్చు గానీ, మంచం మీదున్న మనిషిని ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరిగే పరిస్థితిలో పెట్టడం ఎందుకు? వీలునామా మేలు. బతికున్నంతకాలం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఆవిడ సంతకమో వేలిముద్రో, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చాలు, అయినా రిజిస్టర్ చేయించండి. ఆవిడ మనసు స్థిమితంగా ఉందని డాక్టర్ సర్టిఫికెట్ కూడా తీసుకోండి. విషయం అన్నయ్యకు, చెల్లికి ముందే తెలియాలి.

మీ జీతం సంగతి ఈ మూడేళ్లలో ఒక్కరైనా ఎత్తారా? పైకి ఎవరూ అనకపోయేసరికి ఇల్లే మీ మనసులో ఆ జీతం అయి కూర్చుంది. ‘నేను ఉద్యోగం మానేశాను, నెలకు ఇంత పోయింది, ఆయాను పెడితే ఇంత అవుతుంది’ అని ముగ్గురి మధ్యా పెట్టండి. సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. ఆయా ఖర్చు వాళ్లిద్దరూ పెట్టుకుంటే మీరు మళ్లీ ఉద్యోగం చూసుకోవచ్చు. ఇల్లు ఎవరికన్నది అప్పుడు ఇంత బరువుగా అనిపించదు.

ముందు చెల్లికి ఫోన్ చేయండి. ఇంటి మాట ఎత్తకుండా, దసరా సెలవులకు వచ్చి పది రోజులు అమ్మ దగ్గర ఉండమనండి. ఆ పది రోజులూ మీరు ఊళ్లో ఉండకండి.