అమ్మతో చెప్పించకు

"నాకు 29 ఏళ్ళు. పదేళ్ళప్పుడు తెనాలి నుంచి అమ్మానాన్నలతో డల్లాస్ వచ్చాను. కాలేజీలో ఉండగా 2016, 2017 వేసవుల్లో ఒక డ్రమ్ కోర్‌లో, అంటే డ్రమ్ములు, ఇత్తడి వాద్యాలతో కవాతు చేసే బృందంలో, బేస్ డ్రమ్ వాయించాను. ఇప్పటికీ ఆగస్టు వస్తే ఆ వీడియోలు పెట్టుకుని ఏడుస్తాను. 'ఎనిమిదేళ్ళ కిందటి సంగతికి ఇంత బాధేంటి, ఆ జాకెట్, ఆ కర్రలు ఎవరికైనా ఇచ్చెయ్' అంటారు మావారు. నాన్న అప్పట్లో అమ్మతో 'ఇంజనీరింగ్ చదివే పిల్ల ఎండలో డప్పు కొట్టడమేంటి' అనేవారు. ఫీజులో సగం మాత్రం ఆయనే కట్టారు. మా చివరి షోకి నాన్నకి టికెట్ అమ్మతో ఇప్పించాను. రాలేదు. ఈ జ్ఞాపకాల నుంచి బయటపడటం ఎలా?"

అమ్మాయ్, మా పెద్దమ్మాయికన్నా చిన్నదానివి, నిన్ను మీరు అనలేను. నువ్వడిగిన దానికి జవాబు ముందే చెప్పేస్తాను. బయటపడనక్కర్లేదు. జాకెట్ ఎవరికీ ఇవ్వకు. మీ ఆయన నీ ఏడుపు చూడలేక అన్న మాట అది, దాని మీద గొడవ పెట్టుకోకు. నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. నీ ఉత్తరం మూడు పేజీలు, ఇక్కడ వేసింది కొంతే. ఆ మూడు పేజీల్లో 'అమ్మతో చెప్పించాను', 'అమ్మ చెప్పింది', 'అమ్మతో అన్నారట' అని పదకొండు చోట్ల రాశావు. మీ నాన్న నీతో నేరుగా అన్న మాట ఒక్కటీ లేదు. నువ్వు ఆయనతో అన్నదీ లేదు.

ఈ డ్రమ్ కోర్ సంగతి నాకూ కొత్తే. నీ ఉత్తరం వచ్చాక రెండు రాత్రులు కూర్చుని వీడియోలు చూశాను. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో మాజీ సైనికుల సంఘాలు పిల్లల కోసం పెట్టిన బృందాల నుంచి పెరిగి వచ్చిందట. ఇప్పుడు ఈ పోటీలు నడిపే సంస్థ డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్, దాని మొదటి ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగింది. ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, జెండాలు, దాదాపు 150 మంది పిల్లలు. ఫుట్‌బాల్ మైదానం మీద పట్టుమని పన్నెండు నిమిషాలుండదు షో. దాని కోసం వేసవంతా బస్సుల్లో రాత్రి ప్రయాణాలు, స్కూలు జిమ్ నేల మీద పడక, పగలు పది పన్నెండు గంటల సాధన. ఎవరు ఎక్కడ నిలబడాలో గజాల్లో, అడుగుల్లో రాసుకునే చిన్న పుస్తకం మెడలో వేలాడుతూ ఉంటుంది. 22 నిండాక ఇక చోటు లేదు. అలాంటిది పోతే ఎవరైనా ఏడుస్తారు. నువ్వు ఏడవకపోతే నాకు ఆశ్చర్యంగా ఉండేది.

మీ నాన్న మాట గురించి ఒకటి చెప్పకుండా ఉండలేను. మన ఊళ్ళలో డప్పు ఎవరి చేతుల్లో ఉండేదో, ఆ మాటని అంత చులకనగా ఎందుకంటామో ఇంట్లో పెద్దలందరికీ తెలుసు. డప్పు వాయించడం చదువు. ఏళ్ళ తరబడి నేర్చుకునే చదువు. కూతురి మీద కోపాన్ని ఆ వాయిద్యం మీద తీర్చుకోవడం తప్పు. నువ్వు ఆయన్ని ఎదుర్కొనే రోజున ఈ మాట కూడా ఆయనతో అను.

నీ ఉత్తరంలో నన్ను కదిలించింది బేస్ డ్రమ్ గురించి రాసిన చోటు. ఐదు డ్రమ్ములు, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు ఒక్కోదానికి ఒక్కో శ్రుతి. ఒకే వరుసని ఐదుగురూ ముక్కలుగా పంచుకుని వాయిస్తారు, నీది మూడోది. ఒకరి దెబ్బ ఆలస్యమైతే మధ్యలో కన్నం పడ్డట్టు స్టేడియం అంతటికీ వినిపిస్తుంది. డ్రమ్ ముఖం స్టాండ్స్ వైపు ఉండాలి కాబట్టి మీరు పక్కకి తిరిగి ఉంటారు, పీతల్లా అడ్డంగా నడుస్తారు. అందుకే 2017 ఆగస్టులో ఇండియానాపోలిస్‌లో, లూకస్ ఆయిల్ స్టేడియంలో ఆ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్స్ రోజున నాన్న వచ్చారో లేదో షో అయ్యేదాకా నీకు తెలియలేదు. మర్నాడు ఫైనల్స్‌కి వెళ్ళే 12 కోర్లలో మీది లేదు. బయట అమ్మ ఒక్కతే నిలబడి ఉంది, 'నాన్నకి ఆఫీసు పని' అంది. ఇన్నేళ్ళూ ఆ 'ఆఫీసు పని' నిజమా కాదా అని నువ్వు ఆయన్ని అడగలేదు.

మీ ఇంట్లో ఆయన వాయించాల్సింది, నువ్వు వాయించాల్సింది, రెండూ అమ్మే వాయిస్తోంది. ఆ ఏడాది ముందు వేసవిలో వారం రోజులు సెలవు పెట్టి మీ కోర్ వంటబండిలో ఉల్లిపాయలు తరిగిన మనిషికి ఈ పని కూడానా? టికెట్ ఇస్తూ ఆమె ఏమందో నీకు తెలుసా? 'అమ్మాయి పంపింది, వీలైతే చూడండి' అని ఉంటుంది. నీ నోటి నుంచి వెళ్ళాల్సిన 'నాన్నా, నువ్వు రావాలి' అన్న మాట ఆయన చెవిన పడనే లేదు. ఆయన తప్పు నేను మాఫీ చెయ్యను. సగం ఫీజు కట్టినంత మాత్రాన తండ్రి బాధ్యత తీరిపోదు. కూతురు ఏం నేర్చుకుందో ఒక్కసారి వెళ్ళి చూడాలి. కానీ 21 ఏళ్ళ దానివి, ఫోన్ చేతిలో ఉన్నదానివి, నువ్వు కూడా పిలవలేదు.

మా ఇంట్లోనూ నాన్నగారితో మాటలన్నీ అమ్మ మీదుగానే నడిచేవి. అమ్మ పోయాక ఏడాది పాటు మేమిద్దరం 'భోంచేశారా', 'చేశాను' దగ్గరే ఉండిపోయాం. నాకు అప్పటికి 41 ఏళ్ళు. ఆయనతో మూడో మాట ఏం మాట్లాడాలో తెలియలేదు. మీ అమ్మ ఉన్నారు, ఆ అవస్థ రాకముందే మొదలుపెట్టు.

ఆదివారం ఆయన సెల్‌కి చెయ్యి, ఇంటి ఫోన్‌కి కాదు. ఎందుకు రాలేదని నిలదీయకు. ఆ రోజు షో అయ్యాక అమ్మ పక్కన నీ కోసం వెతికాను అని చెప్పు, చెప్పి కాసేపు ఊరుకో. అటు నుంచి మాట రాకపోయినా ఫోన్ పెట్టెయ్యకు, ఆ నిశ్శబ్దాన్ని పూరించడం నీ పని కాదు. తర్వాత ఆ సెమీఫైనల్స్ వీడియో ఆయనకే పంపు, ఎడమ నుంచి ఎన్నో డ్రమ్ నీదో రాసి పంపు. ఫైనల్స్ ఇప్పటికీ ఇండియానాపోలిస్‌లోనే, ఆగస్టులోనే. రెండు టికెట్లు కొను, ఆయనకీ నీకూ. మీ ఆయన ఈసారికి ఇంట్లో ఉంటారులే.

ఒక్క సంగతి. ఫోన్ చేసే ముందు అమ్మకి చెప్పకు.